"ఏమైంది?" అని ఇంగ్లీష్‌లో ఎలా అడగాలి? | వాట్స్ ఈటింగ్ యు, వై ద లాంగ్ ఫేస్, ఇంకా కొన్ని

 

ఈ రోజు టాపిక్ చాలా చిన్నది, కానీ రోజూ పనికొచ్చేది. మీ ఫ్రెండ్ ఒక మూల కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతిలో ఉంది కానీ చూడట్లేదు. పిలిస్తే పలకట్లేదు. మనం ఏం చేస్తాం? పక్కన కూర్చుని "ఏమైందిరా?" అంటాం. అంతే కదా. ఒక్క మాట. అమ్మని అయినా, బావని అయినా, ఆఫీసులో మేడమ్‌ని అయినా ఆ ఒక్క మాటకే చివర రా, అమ్మా, అండీ తగిలించి అడిగేస్తాం.

ఇదే ప్రశ్న ఇంగ్లీష్‌లో అడగాలంటే మనలో చాలామంది నోటికి వచ్చేది "వాట్ హ్యాపెండ్?" తెలుగుని మక్కీకి మక్కీ దించేస్తాం. మన దేశంలో అందరికీ అర్థమైపోతుంది, ఇబ్బంది లేదు. కానీ ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్ళు దీన్ని వేరేలా వింటారు. వాళ్ళకి "వాట్ హ్యాపెండ్?" అంటే ఏదో సంఘటన జరిగింది, అదేంటో చెప్పు అని. చేతికి కట్టుతో వచ్చిన మనిషిని అలా అడగొచ్చు. ఊరికే దిగులుగా ఉన్నవాళ్ళని అడిగితే "ఏం జరగలేదే, నథింగ్ హ్యాపెండ్" అనేసి ఊరుకుంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. మనం అడిగింది వాళ్ళ మనసు గురించి, వాళ్ళు జవాబు చెప్పింది సంఘటన గురించి.

అందుకే ఈ ఎపిసోడ్‌లో మూడు విషయాలు చెప్తాను. ఎవరితో ఏ మాట వాడాలి, ఏ మాట వాడితే గొడవ అవుతుంది, అడిగాక ఏం చేయాలి. మూడోది మాత్రం స్కిప్ చేయకండి, ప్లీజ్.

ముందు అందరితో వాడగలిగేవి

మొదటిది "వాట్స్ రాంగ్?" ఇది మన "ఏమైంది?"కి దగ్గరి మాట. రెండోది "వాట్స్ ద మేటర్?" అర్థం దాదాపు అదే. ఈ రెండూ ఇంట్లోవాళ్ళతో, ఫ్రెండ్స్‌తో, తెలిసినవాళ్ళతో హాయిగా వాడొచ్చు.

ఆఫీసులో, కాలేజీలో సార్‌తో, కొత్తవాళ్ళతో అయితే ఇంకొంచెం మెత్తగా అడగాలి. "ఈజ్ ఎవ్రీథింగ్ ఆల్‌రైట్?" లేదా "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అనండి. అన్నీ బాగానే ఉన్నాయా అని. ఇందులో "నీలో ఏదో తేడా ఉంది" అనే ధ్వని ఉండదు. వాళ్ళకి చెప్పాలనిపిస్తే చెప్తారు, లేకపోతే "యా, ఐయామ్ ఫైన్" అని తప్పుకోవడానికి దారి ఉంటుంది.

ఇంకో మంచి వాక్యం: "యు సీమ్ ఎ బిట్ డౌన్ టుడే." ఇక్కడ "సీమ్" అనే మాట చూడండి. మనం తెలుగులో "నువ్వు డల్‌గా ఉన్నావ్" అనడానికీ, "డల్‌గా ఉన్నట్టున్నావ్" అనడానికీ తేడా ఉంది కదా. ఆ "ట్టు" ఏం చేస్తుందో, ఇంగ్లీష్‌లో "సీమ్" అదే చేస్తుంది. నాకలా అనిపిస్తోంది, నేను తప్పు కూడా కావచ్చు అని ముందే ఒప్పుకుంటుంది. "ఎ బిట్" అంటే కొంచెం. ఈ రెండూ పెడితే ఎదుటివాళ్ళు ఉలిక్కిపడరు. డైరెక్ట్‌గా "యు ఆర్ శాడ్" అంటే మాత్రం ముఖం మీద స్టాంప్ వేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలైనవి, ఇడియమ్స్

ఒకటి, "వాట్స్ ఈటింగ్ యు?" మాటకి మాట పెడితే "నిన్ను ఏం తింటోంది?" వినడానికి నవ్వొస్తుంది. కానీ మన దగ్గరా ఇలాంటిదే ఉంది, గమనించారా? "ఏదో విషయం మనసుని తొలిచేస్తోంది" అంటాం. పురుగు కర్రని తొలిచినట్టు. వాళ్ళకి తింటుంది, మనకి తొలుస్తుంది, లోపల జరిగేది ఒక్కటే. బయటికి చెప్పకుండా ఏదో పెట్టుకుని చిరాగ్గా ఉన్నవాళ్ళని ఇలా అడుగుతారు. చివరి మాట మార్చి మూడో మనిషి గురించి కూడా అడగొచ్చు. "వాట్స్ ఈటింగ్ హిమ్?" అంటే వాడికేమైంది, అలా ఉన్నాడు అని. 1993లో "వాట్స్ ఈటింగ్ గిల్బర్ట్ గ్రేప్" అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. జానీ డెప్ హీరో. తమ్ముడి పాత్ర వేసిన లియోనార్డో డికాప్రియోకి మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది ఆ సినిమానే. టైటిల్‌కి అర్థం ఇప్పుడు తెలిసింది కదా. గిల్బర్ట్ గ్రేప్‌ని లోపల తొలిచేస్తున్నది ఏంటి అని.

రెండు, "వాట్స్ బగ్గింగ్ యు?" బగ్ అంటే పురుగే. ఇది చిన్న చిన్న చిరాకులకి. పక్కింటివాళ్ళ స్పీకర్ సౌండ్, రిప్లై ఇవ్వని ఫ్రెండ్, ఇలాంటివి. బాగా దగ్గరివాళ్ళతోనే వాడండి. కొంచెం పద్ధతిగా కావాలంటే "వాట్స్ బాదరింగ్ యు?" అనండి.

మూడు, "వై ద లాంగ్ ఫేస్?" లాంగ్ ఫేస్ అంటే పొడుగు ముఖం. దిగులుగా ఉన్నప్పుడు నోటి చివర్లు కిందికి జారి, దవడ వేలాడి, ముఖం పొడుగ్గా కనిపిస్తుంది. మనం "ముఖం వేలాడేశావేంటి?" అంటాం చూశారా, అచ్చంగా అదే బొమ్మ. దీని మీద ఒక పాత జోక్ ఉంది. ఒక గుర్రం బార్‌లోకి వస్తుంది. బార్ అతను దాన్ని చూసి "వై ద లాంగ్ ఫేస్?" అంటాడు. గుర్రం ముఖం ఎలాగూ పొడుగే కదా, అదీ సంగతి. ఈ జోక్ ఎందుకు చెప్పానంటే, ఈ మాటలో కొంచెం ఆటపట్టించడం ఉంటుంది. మ్యాచ్ ఓడిపోయారు, టికెట్లు దొరకలేదు, అలాంటప్పుడు బాగుంటుంది. ఇంట్లో ఎవరో పోయిన బాధలో ఉన్నవాళ్ళని అస్సలు ఇలా అడగకూడదు.

నాలుగు, "డిడ్ యు గెట్ అప్ ఆన్ ద రాంగ్ సైడ్ ఆఫ్ ద బెడ్?" మంచం తప్పు పక్కనుంచి దిగావా అని. పొద్దున్నే కారణం లేకుండా చిర్రుబుర్రులాడేవాళ్ళకి ఇది. మనం ఏమంటాం? "పొద్దున్నే ఎవరి ముఖం చూసి లేచావ్?" అంటాం. వాళ్ళు మంచాన్ని అంటే, మనం ఎదురుపడ్డ మనిషిని అంటాం. అయితే ఒక తేడా. మనం ఎక్కువగా ఆ రోజు పనులన్నీ ఎదురుతిరిగినప్పుడు అలా అంటాం, ఇంగ్లీష్ మాట మాత్రం మూడ్ బాగోలేనివాళ్ళ గురించే.

ఐదు, "ఎ పెన్నీ ఫర్ యువర్ థాట్స్." పెన్నీ అంటే వాళ్ళ పైసా లాంటిది. నీ ఆలోచన చెప్తే పైసా ఇస్తా అని సరదాగా. జాన్ హేవుడ్ అనే ఆయన 1546లో అచ్చు వేసిన సామెతల పుస్తకంలోనే ఇది ఉంది. అంత పాతది. ఎక్కడో చూస్తూ ఆలోచనలో మునిగిపోయినవాళ్ళని కదిలించడానికి ఇది బాగుంటుంది. బాధ అని కూడా అనట్లేదు, ఊరికే "ఏంటి ఆలోచిస్తున్నావ్?" అన్నట్టు.

ఆరు, "వాట్స్ గాట్ ఇంటు యు?" నీలోకి ఏం దూరింది అని. మన "నీకేం పుట్టింది?", "ఏం పూనింది?" లాంటిది. రోజూ ఉండేలా కాకుండా వింతగా ప్రవర్తిస్తే అడుగుతారు. ఇందులో కాస్త మందలింపు ఉంటుంది, జాగ్రత్త.

వీటితోపాటు ఇంకో రెండు తెలుసుకోండి. "డౌన్ ఇన్ ద డంప్స్" అంటే బాగా దిగులుగా. "యు లుక్ డౌన్ ఇన్ ద డంప్స్, వాట్స్ రాంగ్?" అనొచ్చు. "అండర్ ద వెదర్" ఉంది, దీన్ని చాలామంది దిగులు అనుకుంటారు. ఎక్కువగా దాని అర్థం ఒంట్లో నలతగా ఉండటం. జలుబు, కొంచెం జ్వరం, అలాంటివి. "ఆర్ యు ఫీలింగ్ అండర్ ద వెదర్?" అని అడిగితే ఒంట్లో బాగోలేదా అని అర్థం చేసుకోండి.

బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడ షాపులో, ఆఫీసులో "యు ఆల్‌రైట్?" అంటారు. మనవాళ్ళు కంగారుపడిపోతారు, నా ముఖం అంత పీక్కుపోయి ఉందా అని. ఏం లేదండీ, అది వాళ్ళ హలో. "యా, యు?" అనేసి ముందుకెళ్ళండి. "వాట్స్ అప్?" సంగతి దీనికి రివర్స్. అమెరికాలో అది పలకరింపు. బ్రిటన్‌లో మాత్రం మీరు దిగులుగా ఉన్నప్పుడు ఎవరైనా "వాట్స్ అప్?" అంటే, నిజంగానే ఏమైంది అని అడుగుతున్నట్టు.

రెండు మాటలు ఎక్కువైతే గొడవే

ఇది చాలా ముఖ్యం. "వాట్స్ ద మేటర్?" అంటే ప్రేమ. దానికి "విత్ యు" తగిలించి, ఆ "యు" మీద ఒత్తి పలికితే, "నీకేం రోగం?" అన్నట్టు అయిపోతుంది. "వాట్స్ రాంగ్ విత్ యు?" కూడా అంతే. ఒత్తి పలకకుండా నెమ్మదిగా అడిగితే పర్లేదు కానీ, మనకి ఆ యాస మీద పట్టు వచ్చేదాకా "విత్ యు" వదిలేయడమే మంచిది.

ఇంకా ప్రమాదమైంది "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?" తెలుగులో "నీ ప్రాబ్లమ్ ఏంటి, చెప్పు, చూద్దాం" అని ఎంత ఆప్యాయంగా అంటాం! మా పిన్ని కొడుకు అమెరికాలో మాస్టర్స్ చేస్తున్నాడు. వాడి ప్రాజెక్ట్ గ్రూప్‌లో ఒకమ్మాయి మీటింగ్‌లో మౌనంగా కూర్చుందట. మావాడు మంచి మనసుతోనే "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?" అన్నాడు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసి లేచి వెళ్ళిపోయింది. ఎందుకంటే ఆ వాక్యం అక్కడ చొక్కా పట్టుకునే ముందు అనే మాట. "ఏంటి నీ గోల?" అన్నట్టు. తర్వాత విషయం తెలిసింది, వాళ్ళ అమ్మగారు హాస్పిటల్‌లో ఉన్నారు. వాడు వెళ్ళి సారీ చెప్పాడు, అర్థం చేసుకుంది, అది వేరే సంగతి. "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అని ఉంటే ఆ రోజే చెప్పుకునేదేమో.

"హూ రాటిల్డ్ యువర్ కేజ్?" లాంటివి సినిమాల్లో వింటారు. నీ బోను ఎవరు కదిపారు అని, అంటే ఎదుటివాళ్ళని జంతువుని చేసినట్టే. వినడానికి సరే, అనడానికి వద్దు.

మన ఇంగ్లీష్, వాళ్ళ ఇంగ్లీష్

ఇప్పుడు మనం రోజూ తెలుగులో కలిపి మాట్లాడే ఇంగ్లీష్ మాటలు చూద్దాం. ఇవి ఇంగ్లీషే కదా అని అలాగే వాడితే దెబ్బతింటాం.

"డల్‌గా ఉన్నావేంటి?" అంటాం. దీన్ని "వై ఆర్ యు సో డల్?" అంటే, వాళ్ళకి "నువ్వెందుకింత బోర్ కొట్టిస్తావ్?" అని వినిపిస్తుంది. "యు లుక్ ఎ బిట్ లో" అనండి.

"ఫీలయ్యావా?" మన తెలుగులో ఫీలవ్వడం అంటే నొచ్చుకోవడం. "డిడ్ యు ఫీల్?" అంటే వాళ్ళు "ఫీల్ వాట్?" అని అడుగుతారు. ఏం ఫీలయ్యానో చెప్పకుండా ఆ వాక్యం పూర్తి కాదు. "డిడ్ ఐ హర్ట్ యువర్ ఫీలింగ్స్?" అనాలి.

"నా మీద సీరియస్ అయ్యావా?" సీరియస్ అంటే మనకి కోపం. వాళ్ళకి కాదు. "ఆర్ యు సీరియస్?" అంటే "నిజంగానా?" అని. కోపం గురించి అడగాలంటే "ఆర్ యు మ్యాడ్ ఎట్ మీ?" అనండి. ఇక్కడ మ్యాడ్ అంటే పిచ్చి కాదు, కోపం. ఇది అమెరికాలో ఎక్కువ. ఎక్కడైనా పనికొచ్చేది "ఆర్ యు అప్‌సెట్ విత్ మీ?"

"మూడ్ ఆఫ్‌లో ఉన్నావా?" దీనికి "ఆర్ యు ఇన్ ఎ బ్యాడ్ మూడ్?" "టెన్షన్ పడకు" అనడానికి "డోంట్ టేక్ టెన్షన్" వద్దు, "డోంట్ వర్రీ" చాలు.

మరి అలక? అలిగి మూతి ముడుచుకున్నవాళ్ళని ఏమంటారు? "సల్కింగ్" అంటారు. "ఆర్ యు సల్కింగ్?" అంటే అలిగావా అని. కానీ మన అలకలో ఒక ముద్దు ఉంది, నన్ను బతిమాలండి అనే పిలుపు ఉంది. సల్కింగ్‌లో ఆ ముద్దు లేదు, కొంచెం చిన్నపిల్లల చేష్ట అనే ఎత్తిపొడుపు ఉంది. కాబట్టి అలిగినవాళ్ళ ముఖం మీదే ఆ మాట అనకండి, అలక ఇంకా పెరుగుతుంది!

మిమ్మల్నే ఎవరైనా అడిగితే?

అందరం ఒకటే చెప్తాం, "నథింగ్" అని. ఇంకా మంచివి ఉన్నాయి. పని భారం అయితే "ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్." విస్తరి నిండా వడ్డించేశారు, తినలేకపోతున్నా అన్నట్టు. మనసులో చాలా ఆలోచనలు ఉంటే "ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై మైండ్." రోజు బాగా గడవకపోతే "ఐ హ్యాడ్ ఎ రఫ్ డే." చెప్పడం ఇష్టం లేకపోతే "ఐడ్ రాదర్ నాట్ టాక్ అబౌట్ ఇట్, బట్ థాంక్స్ ఫర్ ఆస్కింగ్." ఇప్పుడు దాని గురించి వద్దులే, అడిగినందుకు థాంక్స్ అని. ఇది చాలా అందమైన వాక్యం, గుర్తుపెట్టుకోండి. తలుపు వేస్తుంది కానీ గడియ పెట్టదు.

అడిగాక ఏం చేయాలి?

స్కిప్ చేయొద్దన్నాను కదా, ఇదే. ప్రశ్న అడగడం సగం పనే. వాళ్ళు "ఐయామ్ ఫైన్" అన్నాక కూడా ముఖం అలాగే ఉంటే, వెంటనే వెళ్ళిపోకండి. "డు యు వాంట్ టు టాక్ అబౌట్ ఇట్?" అనండి. మాట్లాడతావా అని. "ఐయామ్ ఆల్ ఇయర్స్" అంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటా అని. "గెట్ ఇట్ ఆఫ్ యువర్ చెస్ట్" అంటే గుండెల మీది బరువు దించేసుకో అని. "డోంట్ బాటిల్ ఇట్ అప్" అని ఇంకోటి. బాధని సీసాలో పెట్టి మూత బిగించకు అని. మనం "కడుపులో పెట్టుకోకు" అంటాం. వాళ్ళకి సీసా, మనకి కడుపు. ఎక్కడ దాచినా బరువు బరువే.

తర్వాత మీరు మాట్లాడకండి. "ఇదేం పెద్ద విషయం? నాకైతే ఇంతకంటే ఎక్కువ జరిగింది" అని మొదలుపెట్టకండి. అది ఏ భాషలో అన్నా తప్పే.

ఆస్ట్రేలియాలో "ఆర్ యు ఓకే?" అనే ప్రశ్న పేరుతోనే ఒక రోజు ఉంది తెలుసా? ఏటా సెప్టెంబర్ రెండో గురువారం. గావిన్ లార్కిన్ అనే ఆయన 2009లో మొదలుపెట్టారు, ఆత్మహత్యతో పోయిన తన తండ్రి జ్ఞాపకంగా. ఆ రోజు ఒకరినొకరు "ఆర్ యు ఓకే?" అని అడగాలి, జవాబు ఓపిగ్గా వినాలి. అంతే. చూడండి, ఇందులో ఇడియమ్ లేదు, గ్రామర్ గొప్ప లేదు. చిన్నపిల్లలకి కూడా వచ్చిన మూడు మాటలు. బాధ ఎంత పెద్దదైతే మాట అంత మామూలుగా ఉండాలి. ఇడియమ్స్ చిన్న దిగుళ్ళకి పెట్టుకోండి. పెద్ద బాధ దగ్గర "వై ద లాంగ్ ఫేస్?" తీయకండి. "ఆర్ యు ఓకే? ఐయామ్ హియర్" అనండి చాలు.

మన దగ్గర కూడా, హాస్టల్ రూముల్లో, పోటీ పరీక్షల రిజల్ట్స్ రోజుల్లో, ఊరికి దూరంగా ఉద్యోగాల్లో మౌనంగా ఉండిపోయేవాళ్ళు మీ చుట్టూ ఉంటారు. వాళ్ళ బాధ మీకు మించిందిగా అనిపిస్తే 14416 నంబర్ ఇవ్వండి. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది. ఫ్రీ, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంగ్లీష్ క్లాసులో ఈ నంబర్ ఎందుకు అనుకోకండి. అడగడం నేర్పి, జవాబు వస్తే ఏం చేయాలో చెప్పకపోతే ఎలా?

సరే, హోంవర్క్. కామెంట్స్‌లో ఈ మూడింటికీ ఇంగ్లీష్ రాయండి. ఒకటి, మీ టీమ్ లీడ్ ఈ రోజు కొంచెం దిగులుగా ఉన్నట్టున్నారు, ఎలా అడుగుతారు? రెండు, ఐపీఎల్‌లో వాళ్ళ టీమ్ ఓడిపోయి మీ రూమ్‌మేట్ ఆముదం తాగిన ముఖం పెట్టాడు, ఏమంటారు? మూడు, మీ మాటకి మీ ఫ్రెండ్ నొచ్చుకుందేమో అని మీ అనుమానం, ఏమని అడుగుతారు? "డిడ్ యు ఫీల్?" అని రాస్తే మాత్రం ఊరుకోను!

జవాబులు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తాను. వీడియో నచ్చితే లైక్ చేయండి, పనికొస్తుంది అనుకున్నవాళ్ళకి షేర్ చేయండి. షేర్ చేసే ముందు, ఈ మధ్య మీ మెసేజ్‌కి రిప్లై ఇవ్వడం మానేసిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. ఇంగ్లీషే అక్కర్లేదు, "ఏంట్రా, ఎలా ఉన్నావ్?" అని తెలుగులోనే పెట్టండి.

ఉంటాను ఫ్రెండ్స్. బై!